వదిలేసిన మూడు కణాలు

ఆర్డిస్ బ్రెక్కే ఏం పని చేస్తుందని ఆ ఊళ్లో ఎవరిని అడిగినా తిన్నగా చెప్పలేకపోయేవారు. మాడిసన్ నగరంలోని పెద్దాసుపత్రిలో బొమ్మలు గీస్తుందని ఒకరు అనేవారు, కంప్యూటర్ తుడుస్తుందేమోనని ఇంకొకరు. ఆమెనే అడిగితే "ఏదో, గీతలు గీస్తుంటాను" అని మాట మార్చేది. ఆ లోయలో జనం తీరే అంత. ఘనకార్యం చేసినా "ఏదో" అంటారు. కాలు విరిగి మంచాన పడ్డా "పరవాలేదు, ఇంతకన్నా ఘోరంగా ఉండొచ్చు కదా" అంటారు. వాళ్ల తాతలు నార్వేలో ఓడెక్కినప్పుడు పెట్టెల్లో ఇంకేం సర్దుకున్నారో తెలియదు కానీ, ఈ "పరవాలేదు"ను మాత్రం మరిచిపోకుండా తెచ్చుకున్నారు. దాని వల్ల ఎన్ని ప్రాణాలు పోయాయో లెక్క తీసినవాళ్లు లేరు.

ఆమె పని నిజానికి ఇది. రొమ్ములో గడ్డ ఉందని వచ్చిన ఆడవాళ్లకు డాక్టర్ విట్‌కామ్ సన్నని సూదితో గడ్డలోంచి ఒక చుక్క లాగుతాడు. ఆ చుక్కను గాజుపలక మీద పరిచి రంగు వేస్తారు. మైక్రోస్కోపు మీద బిగించిన కెమెరా ఆ కణాలను తెచ్చి కంప్యూటర్ తెర మీద చూపిస్తుంది. ప్రతి కణం మధ్యలో ఊదారంగు కేంద్రకం ఒకటి ఉంటుంది. ఆర్డిస్ మౌస్ పట్టుకుని ఆ కేంద్రకం చుట్టూ ఒక గీత గీస్తుంది. గీత కొంచెం అటూ ఇటూ అయినా పరవాలేదు, యంత్రం దాన్ని బిగించి అంచుకు సరిగ్గా ఆనిస్తుంది. తర్వాత కేంద్రకం ఎంత పెద్దది, ఎంత గుండ్రం, అంచు నునుపా గరుకా, ఎక్కడైనా లోపలికి నొక్కుకుపోయిందా అని కొలుస్తుంది. అలా పదిహేనో ఇరవయ్యో గీశాక అన్నీ కూడి, ఈ గడ్డ మంచిదా చెడ్డదా అన్నది ఒక అంకెగా చెబుతుంది. మనిషి కన్ను ఒకరోజు ఒకలా, మరోరోజు మరోలా చూస్తుంది కదా, కొలతకు ఆ బెడద లేదన్నది డాక్టర్ నమ్మకం. అనవసరంగా రొమ్ము కోయించుకునే ఆడవాళ్లు తగ్గుతారని ఆయన ఆశ.

కానీ యంత్రం తనంతట తాను ఏ కణాన్నీ ఎంచుకోదు. మనిషి గీసినదాన్నే అది కొలుస్తుంది. గీయనిది దాని లెక్కలో లేనే లేదు. అందుకే గోడ మీద ఒక కాగితం అంటించి ఉండేది. అంచు కనబడే ప్రతి కేంద్రకాన్నీ గీయాలి, ఒకదాని మీద ఒకటి పడి అంచు తెలియని వాటినే వదలాలి, ఏరుకోకూడదు. ఆ కాగితంలోని మాటలు ఆర్డిస్ చేతిరాతే.

ఆమెకు ఈ పని ఊరికే రాలేదు. అంతకుముందు ముప్పయ్యేళ్లు మౌంట్ హోరెబ్ దగ్గర పాలకేంద్రంలో పనిచేసింది. ఆ ఊరి చుట్టుపక్కల రైతులందరి పాలూ ఆమె మైక్రోస్కోపు కిందికి రావలసిందే. పాలలో కణాలు మితిమీరి కనబడితే ఆవుకు పొదుగువాపు మొదలైనట్టు లెక్క. ఏ కొట్టంలో ఏ ఆవు పొదుగు చెడుతోందో దాని యజమాని కన్నా ముందు ఆర్డిస్‌కు తెలిసేది. ఎంతటి ఆసామి అయినా ఆమె లెక్కను ఎదిరించలేదు. ఒకసారి చర్చి పెద్దగారి పాలను వెనక్కి పంపేసింది. ఆయన ఆదివారం పలకరించడం మానేస్తే, మరుసటి ఆదివారం తనే వెళ్లి ఆవు ఎలా ఉందని అడిగింది. ఆ పాల లెక్కలో ఒక నియమం ఉండేది. చితికిపోయిన కణాన్ని లెక్కపెట్టకూడదు. కేంద్రకంలో సగానికి పైగా ఉంటేనే కణం, లేకపోతే చెత్త. ముప్పయ్యేళ్ల పాటు రోజుకు వందసార్లు పాటించిన నియమం చేతి వేళ్లలో దిగబడిపోతుంది.

పాలకేంద్రం మూతపడ్డాక, ఆసుపత్రి వాళ్లు మైక్రోస్కోపు అలవాటున్న మనిషి కావాలంటే యాభై ఏడేళ్ల వయసులో వెళ్లింది. మొదటిరోజే డాక్టర్ చెప్పాడట, పాలు పాలే, ఇది మనిషి, ఇక్కడ చితికినదీ నలిగినదీ అంటూ తీర్పు చెప్పే పని నీది కాదు, అంచు కనబడితే గీసెయ్యి అని. ఆమె అలాగే గీసింది. ఏడాది తిరిగేసరికి ఆ గదిలో ఆమె గీతకు తిరుగులేదు. అనుమానం వచ్చిన పలక ఏదైనా "ఆర్డిస్ చేత గీయించండి" అనేవారు.

ఆమె ఆ ఉద్యోగానికి వెళ్లడానికి ఇంకో కారణం ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. ఆమెకు పద్దెనిమిదేళ్లప్పుడు తల్లి రొమ్ము గడ్డతోనే పోయింది. రెండేళ్లపాటు ఆవిడ ఆ గడ్డను ఏప్రన్ కింద దాచుకుని, ఆవుల పొదుగుకు రాసే లేపనమే రాత్రీ పగలూ రాసుకుంది. పాలు పితికే ఇళ్లలో ఆ లేపనం డబ్బా లేని గూడు ఉండదు. పగిలిన చేతులకూ అదే, పసిపిల్లల పిరుదులకూ అదే. ఆవు పొదుగు గడ్డకడితే దానితో మెత్తబడుతుంది కాబట్టి మనిషికీ మెత్తబడుతుందని ఆవిడ నమ్మింది. డాక్టర్ గడప తొక్కేసరికి అది పుండై పగిలింది. చివరి అయిదు నెలలూ ఆ పుండు కడిగింది ఆర్డిస్. చెల్లెలు లోర్నాకు అప్పటికి పదమూడేళ్లు. దాన్ని పినతల్లి ఇంటికి పంపేసి, అమ్మకు ఛాతీ జబ్బని చెప్పారు. ఆ అబద్ధాన్ని ఆర్డిస్ నలభై రెండేళ్లు మోసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్న భయం కాదు. చెల్లెలి కళ్లముందు అమ్మ ఆరోగ్యంగానే ఉండిపోనీ అన్న ప్రేమ.

ఆర్డిస్ పెళ్లి చేసుకోలేదు. లోర్నా గేలెన్ ఫోస్‌డాల్‌ను చేసుకుని, నలభై ఆవులున్న కొట్టానికి యజమానురాలైంది. అక్క సన్నగా, మౌనంగా ఉంటే చెల్లెలు బొద్దుగా, గలగలలాడుతూ ఉండేది. ఆదివారం మధ్యాహ్నాలు ఆర్డిస్ వాళ్లింట్లోనే గడిపేది. పేకాటలో లోర్నా అందరి కళ్ల ముందే మోసం చేసేది, ఆర్డిస్ చూసీ చూడనట్టు ఊరుకునేది.

1991 అక్టోబరులో చర్చి నేలమాళిగలో ఏటా జరిగే చేపల విందు వచ్చింది. క్షారపు నీళ్లలో నానేసిన ఎండుచేప, కరిగిన వెన్న, బంగాళదుంప రొట్టెలు. నాలుగు ఊళ్ల జనం వరసకట్టి తింటారు, బాగుందని ఎవరూ అనరు, మళ్లీ ఏడాది మానరు. లోర్నా చేపల గుండిగ ఎత్తబోయి ఒక్క క్షణం ఆగి, ఎడమ చెయ్యి వాడకుండా కుడిచేత్తో లాగింది. సాయానికి వెళ్లిన ఆర్డిస్ దగ్గరికి వంగగానే ఆ వాసన తగిలింది. పొదుగు లేపనం. పాడి ఉన్న ఇంట్లో చేతులకు ఆ వాసన ఉండటం వింత కాదు. కానీ ఇది చేతుల నుంచి రాలేదు. చర్చికని స్నానం చేసి, ఇస్త్రీ చేసి తొడుక్కున్న జాకెట్టు మెడలోంచి వచ్చింది.

గిన్నెలు కడిగే గదిలోకి చెల్లెలిని లాక్కెళ్లి తలుపు మూసింది.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏంటి ఎన్నాళ్లనుంచి? ఓ, ఇదా. గడ్డికోతలప్పటి నుంచి. ఏం లేదే, పాలగడ్డ. మా ఎర్రావుకి రాలేదూ, అలాంటిదే. రాసుకుంటున్నాగా, మెత్తబడుతుంది."

"యాభై అయిదేళ్లకి పాలగడ్డేంటే నీకు? దూడని ఎక్కడ కట్టేశావు?"

లోర్నా నవ్వింది. ఆర్డిస్ నవ్వలేదు. అక్క నవ్వకపోవడం చూసి లోర్నా కూడా ఆగిపోయింది.

మంగళవారం ఆర్డిస్ తన కారులోనే మాడిసన్‌కు తీసుకెళ్లింది. దారిలో, నలభై రెండేళ్లుగా చెప్పనిది చెప్పింది. అమ్మకు ఛాతీ జబ్బు కాదని, ఆ లేపనమే రాసుకుందని, చివరికి ఆ గది వాసన ఎలా ఉండేదో కూడా చెప్పింది. లోర్నా కిటికీలోంచి మొక్కజొన్న మోళ్ల వంక చూసింది. "మన ఇంట్లో జనానికి దాచడం ఒక్కటే వచ్చు" అంది. ఇకమీదట ఎవరూ ఎవరి దగ్గరా ఏమీ దాచకూడదని ఆర్డిస్ గట్టిగా చెప్పింది. మాట కూడా తీసుకుంది.

డాక్టర్ విట్‌కామ్ గడ్డను తడిమి, చిన్నదే, చేతికి కదులుతోంది, మంచిదే కావచ్చు అన్నాడు. సూదితో చుక్క లాగాడు. గాజుపలకల మీద పేర్లు ఉండవు, అంకెలే. కానీ ఆ రోజు సూది వేయించుకున్నది ఒక్క లోర్నాయే. బుధవారం ఉదయం ట్రేలో ఒకే ఒక్క కొత్త పలక ఉంది. పక్క బల్ల మీద ఆ పనే చేసే కరోల్ అనే అమ్మాయి ఉంది. ఇది నా చెల్లెలిది, నువ్వు గియ్యి అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆర్డిస్ అనలేదు. చెల్లెలి విషయంలో ఇంకొకరి చేతిని నమ్మలేకపోయింది.

మొదటి కేంద్రకం గుండ్రంగా ఉంది. రెండోది, మూడోది కూడా. పక్కపక్కనే సర్దుకుని కూర్చున్న బుద్ధిమంతులైన కణాలు. పద్నాలుగు గీసింది. తెర కింది మూలకు వచ్చేసరికి మూడు కనిపించాయి. మిగతావాటికి రెట్టింపు పెద్దవి. అంచులు ఎలుక కొరికిన రొట్టెలా ఉన్నాయి. ఒకటి ఒకవైపు లోపలికి నొక్కుకుపోయింది. అంచు మాత్రం స్పష్టంగా, ఏ అనుమానానికీ తావు లేకుండా కనబడుతోంది.

చుక్క పరిచేటప్పుడు చితికి ఉంటాయి, అని ఆమె మనసు చెప్పింది. చితికినదాన్ని లెక్కపెట్టకూడదు.

గోడ మీది కాగితం వైపు చూడలేదు. పలకను కొంచెం జరిపి, పక్కనుంచి ఇంకో మూడు గుండ్రటివి గీసి పదిహేడు పూర్తిచేసింది. యంత్రం కొలిచి, గడ్డ మంచిదే అంది. ప్రపంచం మీద ఆర్డిస్ బ్రెక్కే ఏరుకుని గీసిన పలక అదొక్కటే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడ్డట్టు, అందరి ఆవుల పొదుగులూ లెక్కగట్టిన మనిషి సొంత చెల్లెలి దగ్గర లెక్క తప్పింది.

డాక్టర్ పలకను ఓసారి పైపైన చూశాడు. పద్నాలుగు బాగున్న కణాలున్న చోటే చూశాడు. ఆర్డిస్ గీత కదా అని అంకెను నమ్మాడు. కోయనక్కర్లేదు, మూడు నెలల తర్వాత ఓసారి చూపించుకోమన్నాడు.

ఆ తర్వాత పది రోజులు ఆర్డిస్ పనికి వెళ్లింది, వచ్చింది, అన్నం తింది. ఏ పలక పెట్టినా కింది మూలకే కన్ను పోయేది. మూడు నెలల తర్వాత ఎలాగూ చూస్తారుగా అని తనకు తాను సర్దిచెప్పుకునేది. చితికినవేనేమో అని ఒక గంట నమ్మేది, కాదని మరో గంట తెలిసేది.

శుక్రవారం ఆర్డిస్, లోర్నా, గేలెన్ ముగ్గురూ రోడ్డు మలుపులోని భోజనశాలకు వేయించిన చేపలు తినడానికి వెళ్లారు. అక్కడ శుక్రవారమంటే అదే. గేలెన్ ఎప్పుడూ లేనిది ఇంకో గ్లాసు బ్రాందీ తెప్పించాడు. మూడు నెలల తర్వాత డాక్టర్ దగ్గరికి ఏ రోజు వెళ్లాలో, కొట్టం పని ఎవరికి అప్పగించాలో అని అతను అంటుంటే లోర్నా చెయ్యి ఊపేసింది.

"మళ్లీ ఎందుకు? జనవరిలో మంచులో అంత దూరం? ఆర్డిస్ తన చేత్తో గీసింది. ఇంకెవరో గీసి ఉంటే వెళ్లేదాన్ని."

ఆర్డిస్ ఫోర్కు కింద పెట్టింది. తన చేతి గీతను నమ్ముకుని చెల్లెలు చావుకు సిద్ధపడుతోందని అప్పుడు అర్థమైంది. పళ్లెంలో చేప అలాగే చల్లారిపోయింది.

శనివారం తెల్లవారగానే ఆసుపత్రికి వెళ్లి, తన తాళంచెవితో గది తెరిచి, పలక తీసి పెట్టింది. మూడూ అక్కడే ఉన్నాయి. వాటి చుట్టూ గీసింది. యంత్రం ఒక్కో గీతనూ బిగించి అంచుకు ఆనించింది. అంకె తిరగబడింది. డాక్టర్‌కు ఇంటికి ఫోన్ చేస్తే ఆయన తోటపని బట్టల్లోనే వచ్చేశాడు. ముందు తెర చూశాడు, తర్వాత మైక్రోస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎందుకు వదిలావు?"

"చితికినవనుకున్నాను."

"అనుకున్నావా?"

"లేదు. అనుకోవాలనుకున్నాను."

ఆయన కోప్పడలేదు. అదే ఆమెకు భరించరానిదైంది. యంత్రం అన్నిటి సగటుతో పాటు అన్నిటికన్నా చెడ్డవైన మూడింటిని విడిగా తూస్తుందని, జబ్బు మొదలైనప్పుడు మందలో రెండో మూడో కణాలే ముందు పాడవుతాయి కాబట్టి ప్రాణం అక్కడే ఉంటుందని ఆమెకు తెలిసినదే మళ్లీ చెప్పాడు. తర్వాత, తప్పు నీది ఒక్కదానిదే కాదు, నేను పలక మొత్తం చూడకుండా నీ గీతను చూశాను అన్నాడు. పది రోజుల వల్ల గడ్డలో పెద్ద తేడా రాదని, నువ్వు ఈవేళ రాకపోయి ఉంటే మాత్రం చాలా తేడా వచ్చేదని అన్నాడు. ఆర్డిస్ ఆ రెండో మాట మాత్రమే ఇంటికి తీసుకెళ్లింది. నిజానికి ఆమె ఇంటికి వెళ్లలేదు, సాయంత్రం దాకా ఆ గదిలోనే కూర్చుని అక్కణ్నుంచి ఫోస్‌డాల్ కొట్టానికి వెళ్లింది.

అది పాలు పితికే వేళ. లోర్నా యంత్రం గొట్టాలు ఒక ఆవు నుంచి తీసి ఇంకో ఆవుకు తగిలిస్తోంది. ఆర్డిస్ పక్కన నిలబడి, ఆ యంత్రాల చప్పుడులోనే అంతా చెప్పింది. మూడింటినీ వదిలేసినట్టు, ఈ ఉదయం మళ్లీ గీసినట్టు, సోమవారం ఆపరేషన్ గురించి మాట్లాడటానికి రావలసి ఉన్నట్టు. లోర్నా వింటూనే ఆవు పొదుగు కడిగింది, తుడిచింది.

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"కారులో నాచేత ఒట్టు వేయించుకున్నావు."

"అవును."

"అమ్మ దాచింది. కానీ అమ్మ తన గడ్డ దాచుకుంది, ఆర్డిస్. నువ్వు నాది దాచావు."

ఆ లోయలో కోపం అరుపుగా రాదు. వచ్చిన మనిషికి కాఫీ పొయ్యకపోవడంగా వస్తుంది. ఆ సాయంత్రం ఆర్డిస్‌కు ఎవరూ కాఫీ పొయ్యలేదు.

ఆపరేషన్‌కు గేలెన్ తీసుకెళ్లాడు. ఎడమ రొమ్ము తీసేశారు. ఆర్డిస్ వరండాలో చివరి కుర్చీలో కూర్చుంది. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. ఆదివారాలు ఆగిపోయాయి.

ఆసుపత్రిలో రెండు మార్పులు వచ్చాయి. తెలిసినవాళ్ల పలకను ఎవరూ గీయకూడదని కాగితం మీద ఇంకో నియమం చేరింది. డాక్టర్ ప్రతి పలకనూ మూల నుంచి మూలకు తానే చూడటం మొదలుపెట్టాడు. ఇక ఆర్డిస్ అంతవరకు గీసిన మిగతా మూడువందల పన్నెండు పలకలనూ కరోల్ మళ్లీ గీయాలన్నాడు. ఆమె ఇంకెక్కడైనా వదిలేసిందేమో తెలియాలి కదా. ఆరు వారాలు పట్టింది. కరోల్ గీస్తుంటే ఆర్డిస్ పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ సరిచూసింది. సమాధిలోంచి పిలిచినట్టు పాత పలకలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అందులో కొందరు ఆడవాళ్లు అప్పటికే లేరు. ఎక్కడా ఒక్క కణాన్నీ ఆమె వదల్లేదు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కరోల్ ఆమెను కౌగిలించుకుంది. ఆర్డిస్ మాత్రం చేతులు కడుక్కునే గదిలోకి వెళ్లి ఏడ్చింది. ఎక్కడైనా ఇంకో తప్పు దొరికితే చేతకాని చెయ్యి అనుకునేది. మూడువందల పన్నెండు మంది పరాయి ఆడవాళ్ల దగ్గర నిఖార్సుగా ఉన్న చెయ్యి, ఒక్క తోడబుట్టినదాని దగ్గరే తప్పింది. ప్రేమే ఆ పని చేసింది. దానికి ఏ కాగితం మీదా నియమం రాయడం కుదరదు.

ఉద్యోగం మానేస్తానంటే డాక్టర్ ఒప్పుకోలేదు. మానలేదు. కానీ అప్పటినుంచి గీత గీసే ముందు పలక నాలుగు మూలలూ చూసి, చెడ్డగా కనబడినవాటినే మొదట గీసేది.

వసంతం వచ్చాక, ఒక ఆదివారం గేలెన్ ఫోన్ చేశాడు. ఆపరేషన్ తర్వాత ఎక్కిస్తున్న మందులకు లోర్నా జుట్టంతా ఊడిందని, వంట వాసన పడటం లేదని చెప్పి, రమ్మని అనకుండానే పెట్టేశాడు. ఆర్డిస్ వెళ్లింది. తలుపు తీసిన లోర్నా పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది, అంతే. ఆర్డిస్ వంట వాసన పోయేలా పెరటి తలుపు తీసి, గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి వచ్చేసింది. మరుసటి ఆదివారమూ అంతే. మూడో ఆదివారానికి బల్ల మీద పేకముక్కలు కనబడ్డాయి. లోర్నా మోసం చేసింది. ఆర్డిస్ ఈసారి ఊరుకోలేదు, చేతిలో దాచిన ముక్క చూపించమంది. లోర్నా అక్క మొహం వంక చూసి ముక్క బల్ల మీద వేసింది. వాళ్లిద్దరి మధ్య క్షమాపణ అన్నది జరిగి ఉంటే, అదే.

మూడేళ్లు దాటాయి. 1995 సెప్టెంబరులో లోర్నా తనే ఫోన్ చేసింది. కుట్టు గీత పక్కన శనగగింజంత గడ్డ తగులుతోందని, నిన్న సాయంత్రమే చేతికి తగిలిందని, ఏ లేపనమూ రాయలేదని చెప్పింది. ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు.

సూది వేయించుకున్నాక ఆమె డాక్టర్‌తో పలకను ఆర్డిసే గీయాలంది. కుదరదు, అందుకే నియమం పెట్టుకున్నాం అన్నాడు ఆయన. లోర్నా వినలేదు. గీసేటప్పుడు తానూ అక్కడే కూర్చుంటానంది. నలభై ఆవుల్ని మళ్లించిన ఆడదాని ముందు డాక్టర్ ఎంతసేపు నిలబడతాడు? చివరికి తాను వెనక నిలబడి చూస్తానని, కరోల్ విడిగా ఇంకోసారి గీస్తుందని చెప్పి ఒప్పుకున్నాడు.

లోర్నా ఆ గదిలోకి రావడం అదే మొదలు. కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చుంది. తెర మీద ఊదారంగు మచ్చలు వెలిగాయి. ఆర్డిస్ మౌస్ మీద చెయ్యి వేసి కదపలేకపోయింది.

"ఎవరో పరాయి మనిషిననుకుని గియ్యి" అంది లోర్నా.

"అనుకోలేను."

"సరే. చెల్లెలిననుకునే గియ్యి. కానీ వదలకు."

ఆర్డిస్ పలక నాలుగు మూలలూ చూసింది. యంత్రం చెప్పనక్కర్లేదు. ముప్పయ్యేళ్ల పాలూ, ఏడేళ్ల గాజుపలకలూ చూసిన కన్ను అది. అయినా గీసింది. అన్నిటికన్నా పెద్దదాన్ని మొదట గీసింది. దాని పక్కదాన్ని గీసింది. అంచులు గరుకుగా ఉన్నచోట నెమ్మదించింది, నొక్కుకుపోయినచోట గీతనూ లోపలికి నడిపించింది. లోర్నా ఒక్కొక్క గీతనూ కళ్లతో వెంబడించింది. మధ్యలో ఒకసారి, ఇవి నావేనా అని అడిగింది. నీవే, అంది ఆర్డిస్. ఇరవై ఒకటి అయ్యాక మౌస్ వదిలేసింది. యంత్రం కొలవడానికి కొంతసేపు పడుతుంది. లోర్నా అక్క వైపు తిరిగింది.

"ఎన్ని వదిలావు?"

"ఒక్కటీ వదల్లేదు."

తెర మీద అంకె వచ్చింది, చెడ్డదే. లోర్నా అటు తిరగలేదు. అక్క మొహంలోకి చూసింది. ఆర్డిస్ ఏడుస్తోంది, అయినా మొహం తిప్పుకోలేదు.